ప్రొపెల్లర్ విమానాల ప్రమాదాలు, వాటి కారణాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

రాజమహేంద్రవరం దగ్గరి మధురపూడి విమానాశ్రయానికి బయలుదేరే ముందు మా కోనసీమలో ఇప్పటికీ చాలామంది అడిగే మొదటి మాట "జెట్టా, ఫ్యాన్ల విమానమా?" అనే. రన్‌వేను 3,165 మీటర్లకు పొడిగించాక అక్కడ ఎయిర్‌బస్‌లు కూడా దిగుతున్నా, ఇక్కడి వారికి ఎక్కువ పరిచయం ఫ్యాన్లుండే ఏటీఆర్ 72 విమానాలతోనే. 2023 జనవరి 15న నేపాల్‌లోని పోఖరాలో అదే రకం విమానం కూలి 72 మంది మరణించాక ఆ ప్రశ్నలో భయం కూడా చేరింది. పాలిటెక్నిక్‌లో చాలా ఏళ్లు యంత్రాల పాఠాలు చెప్పి రిటైరైన నన్ను బంధువులు, పాత విద్యార్థులు, సెలవులకు ఊరొచ్చిన గల్ఫ్ ఉద్యోగులు అడిగిన ప్రశ్నలను ఏరి, జవాబులతో ఇక్కడ ఉంచుతున్నాను. ఇలాంటివి చదివితే నిద్ర పట్టదని మా ఇంట్లో అంటారు. నాకు మాత్రం ప్రమాదం వార్త విన్న రోజున పట్టని నిద్ర, విచారణ నివేదిక చదివాకే పడుతుంది.

ప్రశ్న: ఫ్యాన్ల విమానం జెట్ విమానం కంటే ప్రమాదకరమా?

ఆ పోలికలోనే ఒక చిక్కు ఉంది. 1952లో కామెట్ అనే జెట్ విమానం ప్రయాణికులను ఎక్కించుకునే వరకు లోకంలోని ప్రయాణికుల విమానాలన్నీ ప్రొపెల్లర్లవే. 1958లో బోయింగ్ 707 వచ్చాక గానీ జెట్ల కాలం నిలదొక్కుకోలేదు. లోహం ఎలా అలసిపోతుంది, రెక్క మీద మంచు ఏం చేస్తుంది, ఆకాశంలో ఇద్దరు ఎదురుపడితే ఎవరు తప్పుకోవాలి అనే ఓనమాలన్నీ విమానయానం ప్రొపెల్లర్ల కాలంలోనే దిద్దుకుంది కాబట్టి, ఆ దిద్దుబాటులో జరిగిన తప్పులన్నీ వాటి ఖాతాలోనే పడ్డాయి. నిజానికి ఏటీఆర్‌లో ఉన్నది కూడా జెట్ ఇంజనుకు దగ్గరి చుట్టమే. లోపల తిరిగే టర్బైన్ బయటి ప్రొపెల్లర్‌ను తిప్పుతుంది, అందుకే దానిని టర్బోప్రాప్ అంటారు. పాత డకోటా, కాన్‌స్టలేషన్ విమానాలలో మోటారు సైకిలులో ఉన్నట్టు పిస్టన్లు ఉండేవి.

తేడాలు లేకపోలేదు. ఏటీఆర్ 25 వేల అడుగులు దాటి ఎగరదు. పెద్ద జెట్ పైనుంచి దాటిపోయే మబ్బులలో అది దూరి వెళ్లవలసి వస్తుంది. పొట్టి రన్‌వేలు, కొండల నడుమ ఊళ్లు ఎక్కువగా దాని వాటాకే వస్తాయి. ఆ దారుల కష్టాన్ని ప్రొపెల్లర్ లోపంగా లెక్కవేయకూడదని నా అభిప్రాయం. విశాఖపట్నం ఆర్కే బీచిలో మ్యూజియంగా నిలిపిన టీయూ 142 విమానాన్ని చూసే ఉంటారు. ఎదురెదురు దిశల్లో తిరిగే జంట ప్రొపెల్లర్లు నాలుగు ఇంజన్లకూ ఉన్న ఆ రకం విమానాలు మన నౌకాదళంలో 1988 నుంచి 2017 వరకు పెద్ద ప్రమాదమేదీ లేకుండా పనిచేశాయి.

ప్రశ్న: గాలిలో అక్కడక్కడా గుంటలుంటాయని, వాటిలో పడితే విమానం కూలుతుందని అంటారు. నిజమేనా?

గాలిలో గుంటలు ఉండవు. పైకి లేచే గాలి పక్కనే కిందికి దిగే గాలి ఉంటుంది, ఒకదానిలో నుంచి మరొకదానిలోకి వెళ్లినప్పుడు కడుపులో దిగినట్టు అనిపిస్తుంది. బెల్టు పెట్టుకోని వారికి దెబ్బలు తగులుతాయి గానీ, ఆరోగ్యంగా ఉన్న విమానానికి అది గతుకుల రోడ్డు వంటిదే.

ప్రశ్న: ప్రొపెల్లర్ వల్లనే విమానం విరిగిపోయిన సందర్భాలు ఉన్నాయా?

ఉన్నాయి. వాటిలో ఎలెక్ట్రా కథను నేను తరగతిలో ప్రతి ఏటా చెప్పేవాడిని. లాక్‌హీడ్ సంస్థ 1950ల చివరలో తెచ్చిన ఈ నాలుగు ఇంజన్ల టర్బోప్రాప్‌కు మంచి పేరే వచ్చింది. 1959 సెప్టెంబరు 29న బ్రానిఫ్ సంస్థ నడిపిన కొత్త ఎలెక్ట్రా టెక్సాస్‌లోని బఫెలో అనే ఊరి దగ్గర గాలిలోనే ముక్కలై 34 మంది మరణించారు. దాని కారణం తేలకముందే, 1960 మార్చి 17న షికాగో నుంచి మయామీ వెళ్తున్న నార్త్‌వెస్ట్ సంస్థ ఎలెక్ట్రా ఇండియానా మీద అదే తీరున విరిగిపోయి 63 మంది పోయారు. రెండు చోట్లా ఒక రెక్క మిగతా విమానానికి దూరంగా పడి ఉంది.

కారణం అర్థం కావాలంటే నడుస్తున్న టేబుల్ ఫ్యాన్‌ను రెండు చేతులతో ఎత్తి పట్టుకుని, దాని తలను కిందికి వంచి చూడండి. అది మీరు వంచిన వైపు వంగకుండా పక్కకు తిరగబోతుంది. వేగంగా తిరిగే ఏ చక్రానికైనా ఈ గుణం ఉంటుంది. ఇప్పుడు కాలువ గట్టు మీద ఆయిలింజనును తలచుకోండి. దిమ్మకు వేసిన బోల్టులన్నీ బిగువుగా ఉన్నంతసేపు అది కుదురుగానే ఉంటుంది. ఒక బోల్టు వదులైతే ముందు సన్నగా వణుకుతుంది, కొంతసేపటికి దిమ్మనే పగలగొట్టేంత ఊపు అందుకుంటుంది. ఎలెక్ట్రాలో ఇంజనును రెక్కకు పట్టి ఉంచే బిగింపు బలహీనపడినప్పుడు, ప్రొపెల్లర్ తన ఇరుసు చుట్టూ తిరుగుతూనే, ఆగబోయే బొంగరంలా తల కూడా గుండ్రంగా ఊపడం మొదలుపెట్టింది. ఊపు పెద్దదవుతున్న కొద్దీ దాని లయ నెమ్మదించి, రెక్క సహజంగా ఊగే లయతో కలిసిపోయింది. ఆ రెండు లయలు కలిశాక రెక్క నిలవడం క్షణాల మాటే. ఉయ్యాలను సరైన సమయంలో చిన్నగా తోస్తూ పోతే ఎంత ఎత్తుకు వెళ్తుందో మనకు తెలిసిందే.

ఆ రోజుల్లో అధికారులు ఎలెక్ట్రాలను నేలకు కట్టెయ్యలేదు, వేగాన్ని మాత్రం తగ్గించి నడపమన్నారు. తయారీదారు తన ఖర్చుతో బిగింపులను, రెక్కలను బలపరిచాడు. ఆ తర్వాత అదే విమానం ఏళ్ల తరబడి సరుకు మోసింది. దాని నమూనా మీదే కట్టిన ఓరియన్ అనేక దేశాల నౌకాదళాలలో సముద్రాన్ని గాలించింది.

ప్రశ్న: గాలిలో ఉండగా ఫ్యాన్ ఆగిపోతే విమానం పడిపోతుందా?

ఒకటి ఆగినా రెండోదానితో ఎగిరి, దిగగలిగేలాగే ఈ విమానాలను కడతారు. ఆగిన ప్రొపెల్లర్ గాలికి అడ్డం పడకుండా దాని రెక్కలను అంచు ముందుకు వచ్చేటట్టు తిప్పేస్తారు, దీనినే ఫెదరింగ్ అంటారు. పడవలో తెడ్డు వేయడం మానినప్పుడు దాని పలకను నీటికి అడ్డంగా ఉంచకుండా వాలుగా తిప్పి ఉంచడం లాంటిదే.

ఆ తిప్పడం కుదరకపోతే ఏమవుతుందో 1956 అక్టోబరు 16న పసిఫిక్ మీద కనిపించింది. హోనొలులు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తున్న పాన్ అమెరికన్ స్ట్రాటోక్రూయిజర్‌లో ఒక ప్రొపెల్లర్ పట్టు తప్పి విపరీత వేగంతో తిరగసాగింది, దానిని ఫెదర్ చేయడం సాధ్యం కాలేదు. కాసేపటికి మరో ఇంజను కూడా పోయింది. ఆ కడుపులో దేవినట్టుండే చీకటిలో పైలట్ తొందరపడలేదు. అక్కడున్న అమెరికా కోస్ట్ గార్డ్ నౌక చుట్టూ తెల్లవారే వరకు తిరిగి, వెలుగు వచ్చాక సముద్రం మీద దింపాడు. 31 మందీ బతికారు. ప్రమాదాల చరిత్రలో ఇలాంటివి కూడా చదవమని పిల్లలకు చెబుతాను.

ఇక పోఖరాలో ఇంజన్లు చెడిపోలేదు. దిగబోయే ముందు ఫ్లాప్‌ల (రెక్క వెనక దించే పలకల) లీవరును కదపవలసిన చేయి దాని పక్కనే ఉన్న ప్రొపెల్లర్లను అదుపుచేసే రెండు కండిషన్ లీవర్లను వెనక్కి లాగింది. దానితో రెండు ప్రొపెల్లర్లూ ఫెదర్ అయిపోయి, ఇంజన్లు తిరుగుతున్నా ముందుకు తోసే బలం పోయింది. ఆ విమానాశ్రయం తెరిచి అప్పటికి రెండు వారాలే, కొత్త దారి మీద మలుపులు చూసుకుంటూ దిగే పనిలో ఇద్దరూ ఆ సంగతి గమనించలేదు. 2015 ఫిబ్రవరి 4న తైపేలో కూలిన ట్రాన్స్‌ఏషియా ఏటీఆర్ కథ దీనికి తోబుట్టువు. కుడి ఇంజను ప్రొపెల్లర్ దానంతటదే ఫెదర్ కాగా, పైలట్ బాగా నడుస్తున్న ఎడమ ఇంజనును తగ్గించి ఆపేశాడు. 58 మందిలో 43 మంది మరణించారు. ఒక ఇంజను పోవడం ప్రాణాంతకం కాదు. ఏది పోయిందో నిదానంగా చూసి, ఇద్దరూ ఒకరికొకరు పైకి చెప్పుకుని, ఆ తర్వాతే లీవరు ముట్టుకోవాలని శిక్షణలో అంతగా నూరిపోసేది అందుకే.

ప్రశ్న: బలమైన రెక్క ఉన్నట్టుండి ఎలా విరుగుతుంది?

ఉన్నట్టుండి విరగదు, చాలా రోజుల నుంచి విరుగుతూ ఉంటుంది. శ్రావణ భాద్రపదాలలో మన ఇళ్లలో తలుపులు ఉబ్బి గడియ పడకపోవడం ఎవరికి తెలియదు? 1931 మార్చి 31న అమెరికాలోని కాన్సస్‌లో కూలిన ఫోకర్ విమానం రెక్క చెక్కతో చేసినది. లోపలికి చేరిన తేమ చెక్కలను పట్టి ఉంచే జిగురును వదులు చేసింది, బయటి నుంచి చూస్తే ఏమీ కనబడదు. చనిపోయిన 8 మందిలో దేశమంతా ఎరిగిన ఫుట్‌బాల్ శిక్షకుడు నూట్ రాక్నీ ఉండడంతో పత్రికలు వదిలిపెట్టలేదు. చెక్క రెక్కల విమానాల మీద తనిఖీలు బిగిశాయి, సంస్థలు లోహపు విమానాలు కావాలన్నాయి. 1935 డిసెంబరు 17న మొదటిసారి ఎగిరిన డీసీ 3, మనం డకోటా అని పిలిచేది, ఆ గిరాకీలో నుంచి పుట్టిన కుటుంబానిదే.

లోహం వచ్చాక జిగురు బాధ పోయింది, అలసట బాధ వచ్చింది. తీగను అటూ ఇటూ వంచుతూ ఉంటే చివరికి తెగినట్టే, ఎగిరి దిగిన ప్రతిసారీ రెక్కలోని దూలం కొద్దిగా వంగి లేస్తుంది. 1968 డిసెంబరు 31న ఆస్ట్రేలియాలో పోర్ట్ హెడ్‌లండ్‌కు దగ్గరలో వైకౌంట్ అనే టర్బోప్రాప్ విమానం కుడి రెక్క ఊడి 26 మంది మరణించారు. ఆ దూలం ఆయుష్షు 11,400 ప్రయాణాలని లెక్క, అప్పటికి చేసినవి 8,090. మరి ముందే ఎందుకు తెగింది? దూలానికి ఉన్న ఒక రంధ్రంలో అంతకు నాలుగేళ్ల ముందు ఎవరో ఒక బుష్‌ను (రంధ్రంలో బిగించే లోహపు గొట్టాన్ని), దాని అంచును సాగదీసి, బలవంతంగా దిగగొట్టారు. ఆ అంచు దగ్గర పుట్టిన పగులు ప్రయాణం ప్రయాణానికీ పెరిగింది. అది వర్క్‌షాపులో పనిచేసిన వారందరికీ తెలిసిన పాపం. సరిపోని బుష్‌ను మరో దానితో మార్చకుండా సుత్తితో సర్దిచెప్పడం నా విద్యార్థులు చేస్తుంటే నేనూ చూశాను. లేతు గదిలో అయితే ఆ ముక్క పారేస్తే సరిపోయేది.

ప్రశ్న: సరుకు విమానాలు ఎక్కువగా ఎందుకు కూలుతాయి? బరువు ఎక్కువై పడిపోతాయా?

బరువు ఎంత అనేది సగం ప్రశ్నే, ఆ బరువు ఎక్కడ ఉంది అన్నది మిగతా సగం. నరసాపురం, సఖినేటిపల్లి రేవుల మధ్య గోదావరి దాటించే పంటు (బల్లకట్టు) ఎక్కిన వారికి ఇది విడమరిచి చెప్పనక్కర లేదు. లారీ ఎక్కాక సరంగు బైకులను ఏ మూలకు నెట్టమంటాడో, జనాన్ని ఎటు నిలబడమంటాడో గమనించండి. పంటుకు ఒరిగినా ఆనుకునే నీరు కింద ఉంటుంది. విమానం మాత్రం తన బరువంతా రెక్కల దగ్గరి ఒక ఇరుకైన హద్దులో తూగేటట్టు ఉంచుకోవాలి. బరువు ముందుకు పోతే ముక్కు లేవదు, వెనక్కి పోతే ముక్కు లేచి ఇక దిగదు.

1996 జనవరి 8న కాంగో రాజధాని కిన్షాసాలో, అప్పటి జైర్‌లో, ఏఎన్ 32 రకం సరుకు విమానం మోయలేనంత ఎత్తుకుని బయలుదేరింది. ముక్కు లేవక రన్‌వే దాటి, దాని చివరనే ఉన్న సింబజికిటా సంతలోకి దూసుకుపోయింది. విమానంలో ఉన్నది గుప్పెడు మంది, సంతలో పోయినవారు 200 దాటారు. కూరగాయల గంపల ముందు కూర్చున్న ఆడవాళ్లు, పిల్లలు. రన్‌వే చివర సంత పెట్టనిచ్చిన వారి తప్పు కూడా ఆ మరణాలలో ఉందని నేననుకుంటాను.

ప్రయాణికుల విమానంలోనూ ఇదే లెక్క. 2003 జనవరి 8న అమెరికాలోని షార్లట్‌లో ఎయిర్ మిడ్‌వెస్ట్ సంస్థ నడిపిన చిన్న బీచ్‌క్రాఫ్ట్ 1900 టర్బోప్రాప్ ఎగిరిన వెంటనే ముక్కు నిటారుగా లేచి కూలి, 21 మందీ మరణించారు. రెండు రాత్రుల ముందు తోక పలకలను కదిపే కేబుల్ సర్దేటప్పుడు పుస్తకంలో రాసిన మెట్లు కొన్ని దాటవేశారు, దానితో ముక్కును కిందికి దించే శక్తి సగానికి సగం పోయింది. అంత జరిగినా తర్వాతి ప్రయాణాలలో విమానం బాగానే ఎగిరింది. ఆ రోజు మాత్రం నిండా జనం, వెనక గదిలో నిండా సామాను. మనిషిని తూచకుండా సగటు బరువుతో లెక్కకట్టడం ఆనవాయితీ, ఆ సగటు మాత్రం జనం ఇంకా సన్నగా ఉన్న కాలం నాటిది. ఈ ప్రమాదం తర్వాతనే అమెరికాలో ఆ అంకెను పెంచారు.

ఏటీఆర్‌లో మనం వెనక తలుపు నుంచి ఎక్కుతాం, సామాను ముందు గదిలోకి వెళ్తుంది. జనం తక్కువగా ఉన్న ఒక ప్రయాణంలో నలుగురైదుగురిని ముందు వరుసల నుంచి లేచి వెనక కూర్చోమని సిబ్బంది అడిగారు. తెల్ల పంచె కట్టుకున్న ఒక పెద్దాయన "డబ్బు కట్టిన సీటు, నేను లేవను" అని భీష్మించారు. పక్కనున్న నేను పంటు సంగతి గుర్తుచేశాక నవ్వి, సంచీ తీసుకుని వెనక్కి నడిచారు.

ప్రశ్న: మన దగ్గర మంచే కురవదు, మంచు వల్ల విమానాలు కూలడం మనకు వర్తిస్తుందా?

నేల మీద కురవదు, నిజమే. రాజమహేంద్రవరంలో 40 డిగ్రీలు మండుతున్న రోజున కూడా సుమారు 16 వేల అడుగుల ఎత్తులో సున్నా డిగ్రీలు ఉంటుంది; ఏటీఆర్ ఆ ఎత్తుకు అటూ ఇటూనే తిరుగుతుంది. అక్కడి మబ్బులలో సున్నా కంటే చల్లబడినా గడ్డకట్టని నీటి చుక్కలుంటాయి, రెక్క తగిలిన క్షణంలో అవి అంటుకుని గడ్డకడతాయి. అందుకే రెక్క ముందంచున నల్లటి రబ్బరు తొడుగులుంటాయి. వాటిలోకి గాలి ఊది, ఉబ్బించి మంచును పగలగొడతారు. కిటికీ పక్క సీటు దొరికితే చూడండి.

1994 అక్టోబరు 31న ఇండియానాలోని రోజ్‌లాన్ దగ్గర దిగడానికి వంతు కోసం తిరుగుతున్న ఏటీఆర్ మీద, చుక్కలు పెద్దవి కావడంతో, మంచు తొడుగు దాటి వెనక గట్టులా పేరుకుంది. ఆ గట్టు వెనక గాలి తారుమారై, విమానాన్ని పక్కకు వంచే ఐలెరాన్ పలకను తనంతట తానే లాగేసింది. 68 మంది మరణించారు. తర్వాత ఏటీఆర్‌ల తొడుగులను వెడల్పు చేశారు, అలాంటి మబ్బు తగిలితే వెంటనే బయటపడాలన్న నిబంధనలు వచ్చాయి.

ప్రశ్న: పేపర్లో ఎప్పుడు చూసినా "పైలట్ తప్పిదం" అని రాస్తారు. అదే నిజమా?

ఆ మాట దగ్గర విచారణ మొదలవ్వాలి. మొదలైన చోటనే ముగిస్తే ఏమవుతుందో మ్యూనిక్ చెబుతుంది. 1958 ఫిబ్రవరి 6న మాంచెస్టర్ యునైటెడ్ ఫుట్‌బాల్ జట్టుతో బెల్‌గ్రేడ్ నుంచి వస్తూ ఇంధనం కోసం ఆగిన ఎయిర్‌స్పీడ్ అంబాసడర్ విమానం, ఇంజన్ల శబ్దంలో తేడా వచ్చి రెండుసార్లు పరుగు ఆపుకుంది. మూడోసారి వేగం 117 నాట్ల (విమాన వేగాన్ని కొలిచే లెక్క) దాకా వచ్చి, ఇంకా పెరగవలసింది పోయి 105కు పడిపోయింది. ఆపడానికి చోటు లేదు, లేవడానికి వేగం లేదు. కంచె దాటి ఇంటిని గుద్దుకుంది. 44 మందిలో 23 మంది చనిపోయారు, వారిలో 8 మంది ఆటగాళ్లు.

రెక్కల మీద మంచు తీయించకుండా బయలుదేరాడని జర్మన్ విచారణ కెప్టెన్ జేమ్స్ థెయిన్‌ను తప్పుపట్టింది. ఆయన ఉద్యోగం పోయింది, తన కోళ్ల ఫారం చూసుకుంటూ పదేళ్లు వాదించాడు. అనపర్తి, తణుకు ప్రాంతాల వారికి తెలుసు, కోళ్ల పెంపకం నిద్రపోనిచ్చే పని కాదు. ఆ పని చేస్తూనే ఆయన లెక్కలు కట్టాడు. అసలు దోషి రన్‌వే చివరి భాగంలో నిలిచిన మంచుబురద. దమ్ము చేసిన చేలో సైకిలు తొక్కి చూస్తే చాలు, చక్రాన్ని బురద ఎలా పట్టుకుంటుందో తెలుస్తుంది. ముందు వెళ్లిన విమానాలు ఆ భాగానికి రాకముందే లేచిపోవడంతో అక్కడి బురద చెదరలేదు. కొన్ని అంగుళాలైనా లేని ఆ బురద బరువైన విమానాన్ని అలా లాగగలదని అప్పట్లో ఎవరూ సరిగా కొలవలేదు, కొలిచాక 1969లో బ్రిటిష్ విచారణ ఆయనను నిర్దోషి అంది. 1975లో ఆయన మరణించాడు. నేడు విచారణల ఉద్దేశం తప్పు మోపడం కాదని, మళ్లీ జరగకుండా చూడడమని అంతర్జాతీయ నిబంధనలోనే రాసి ఉంది. మన దేశంలో ఆ పని కోసం 2012లో విమాన ప్రమాదాల దర్యాప్తు సంస్థ విడిగా ఏర్పడింది.

ప్రశ్న: చేపల చెరువుల మీద ఇన్ని కొంగలు, నీటికాకులు తిరుగుతాయి. పక్షుల వల్ల ప్రమాదమా?

అవును. 1960 అక్టోబరు 4న బోస్టన్‌లో లేచిన ఈస్టర్న్ సంస్థ ఎలెక్ట్రా స్టార్లింగుల గుంపులోకి వెళ్లింది, అవి మన గోరింకల జాతి పక్షులు. కొన్ని సెకన్లలోనే మూడు ఇంజన్ల బలం తగ్గి, వేగం చాలక నీటిలో పడింది. 72 మందిలో 62 మంది మరణించారు. టర్బైన్ ఇంజన్లు పక్షులను మింగినా నిలవాలన్న పరీక్షలు ఆ తర్వాతే వచ్చాయి. విమానాశ్రయం చుట్టూ మాంసం వ్యర్థాలు, చెత్త పడవేయవద్దనడం అధికారుల చాదస్తం అనుకునే వారు ఈ ఒక్క సంగతి చదివితే చాలు.

ప్రశ్న: అంత పెద్ద ఆకాశంలో రెండు విమానాలు ఎలా ఢీకొంటాయి?

1956 జూన్ 30న లాస్ ఏంజెలెస్ నుంచి మూడు నిమిషాల తేడాతో లేచిన టీడబ్ల్యూఏ కాన్‌స్టలేషన్, యునైటెడ్ డీసీ 7 గ్రాండ్ కాన్యన్ మీద 21 వేల అడుగుల ఎత్తులో ఢీకొని 128 మంది మరణించారు. ఆ ప్రాంతంలో నేల మీది నుంచి కనిపెట్టే ఏర్పాటు లేదు, పైలట్లే కిటికీలోంచి చూసుకుని తప్పుకోవాలి. నడుమ మబ్బులు. రెండేళ్లకు అమెరికాలో ఆకాశమంతటికీ ఒకే అజమాయిషీ సంస్థ వచ్చింది.

ప్రశ్న: హోమీ భాభా పోయింది ప్రొపెల్లర్ విమానంలోనా?

రెండు ప్రమాదాలు కలిసిపోవడం వల్ల వచ్చే పొరపాటు ఇది. 1950 నవంబరు 3న ఎయిర్ ఇండియా కాన్‌స్టలేషన్ మలబార్ ప్రిన్సెస్ ఆల్ప్స్‌లోని మోన్ బ్లాన్ పర్వతాన్ని తాకి 48 మంది మరణించారు, ప్రయాణికులలో చాలామంది ఓడ ఎక్కబోతున్న భారతీయ నావికులు. అదే పర్వతం మీద, దాదాపు అదే చోట, 1966 జనవరి 24న కూలిన కాంచనజంగ అనే విమానంలో భాభా ఉన్నారు, అది బోయింగ్ 707 జెట్. ఎయిర్ ఇండియాదే మరో కాన్‌స్టలేషన్ కాశ్మీర్ ప్రిన్సెస్‌ది వేరే కథ. 1955 ఏప్రిల్ 11న హాంకాంగ్ నుంచి జకార్తా వెళ్తూ సముద్రంలో పడింది, కారణం చక్రాలు ముడుచుకునే గదిలో పెట్టిన టైం బాంబు. చైనా ప్రధాని చౌ ఎన్‌లై ఎక్కవలసిన విమానమది, ఆయన ఎక్కలేదు. 19 మందిలో ముగ్గురే బతికారు.

ప్రశ్న: నేతాజీ విమానం?

1945 ఆగస్టు 18న తైహోకులో, నేటి తైపేలో, జపాన్ సైనిక బాంబర్ లేస్తుండగా ఎడమ ఇంజను ప్రొపెల్లర్‌తో సహా ఊడిపోయిందని, విమానం మోయవలసిన దానికంటే ఎక్కువ బరువుతో ఉందని సాక్షుల కథనం. షానవాజ్ కమిటీ, ఖోస్లా కమిషన్ ఆ ప్రమాదంలోనే ఆయన మరణించారన్నాయి, ముఖర్జీ కమిషన్ కాదంది, ప్రభుత్వం ఆ చివరి నివేదికను అంగీకరించలేదు. యంత్రాల మేస్టారుగా అంతకు మించి నేను చెప్పగలిగింది లేదు.

ప్రశ్న: మన బాలయోగి గారి ప్రమాదం ఈ కోవలోనిదేనా?

కాదు. 2002 మార్చి 3న భీమవరం నుంచి బయలుదేరి కైకలూరు దగ్గర చేపల చెరువులో కూలింది బెల్ 206 హెలికాప్టర్. పైన తిరిగేదే దానికి రెక్క కూడా కాబట్టి, దాని లెక్కలు వేరు.

ప్రశ్న: బంగాళాఖాతంలో మాయమైన వాయుసేన విమానం దొరికిందా?

2016 జులై 22న తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్ బయలుదేరిన ఏఎన్ 32లో 29 మంది ఉన్నారు, వారిలో 8 మంది విశాఖ నౌకాదళ ఆయుధ డిపోలో పనిచేసే పౌర ఉద్యోగులు. నెలల పాటు వెతికినా ఏమీ దొరకలేదు. 2024 జనవరిలో, సముద్ర సాంకేతిక సంస్థ నీటి అడుగున తిరిగే యంత్రంతో తీసిన చిత్రాలలో, చెన్నై తీరానికి సుమారు 310 కిలోమీటర్ల దూరంలో, 3,400 మీటర్ల లోతున శకలాలు కనబడ్డాయి. వేట పడవల వారికి తెలుసు, మన తీరం దాటి కాస్త పోతే అడుగు ఒక్కసారిగా జారిపోతుంది.

కొండలు కూడా అంతే దాచుకుంటాయి. 1968 ఫిబ్రవరి 7న చండీగఢ్ నుంచి లేహ్ వెళ్లి, వాతావరణం బాగాలేక వెనుదిరిగిన ఏఎన్ 12 రోహ్‌తాంగ్ ప్రాంతంలో 102 మందితో మాయమైంది. 2003లో పర్వతారోహకులకు హిమానీనదం మీద ఆనవాళ్లు దొరికాయి. 2024లో కూడా నలుగురి దేహాలు బయటపడి, 56 ఏళ్ల తర్వాత ఇళ్లకు చేరాయి.

ప్రశ్న: బ్లాక్ బాక్స్ ఎప్పుడు వచ్చింది?

నారింజ రంగు పెట్టెకు ఆ పేరెలా స్థిరపడిందో గానీ, దాని వెనుక రెండు ప్రొపెల్లర్ ప్రమాదాలున్నాయి. 1934లో ఆస్ట్రేలియా దక్షిణాన సముద్రంలో మిస్ హోబార్ట్ అనే విమానం ఆచూకీ లేకుండా పోయింది, అందులో పోయినవారిలో ఒకరి కొడుకు డేవిడ్ వారెన్. పెద్దయ్యాక శాస్త్రవేత్త అయి, కాక్‌పిట్ మాటలను, మీటర్ల అంకెలను దాచే పరికరాన్ని 1950లలో తయారు చేస్తే, సొంత దేశంలోనే ఎవరూ పట్టించుకోలేదు. 1960 జూన్ 10న మకాయ్ అనే ఊరి దగ్గర ఫోకర్ ఎఫ్ 27 సముద్రంలో పడి 29 మంది పోయారు, ఎంత వెతికినా కారణం తేలలేదు. ఆ విచారణ చేసిన వారు రికార్డర్ ఉండాలని సిఫారసు చేశాక, దానిని తప్పనిసరి చేసిన మొదటి దేశం ఆస్ట్రేలియా అయింది.

ప్రశ్న: పాత బస్సును డకోటా బండి అంటారు. డకోటా అంత డొక్కు విమానమా?

ఆ వెక్కిరింత దానికి తగదు. యుద్ధం ముగిశాక చవకగా అమ్మిన సైనిక డకోటాలతోనే మన దేశంలో విమాన సంస్థలు వెలిశాయి, బేగంపేట నుంచి డెక్కన్ ఎయిర్‌వేస్ నడిపినవి కూడా అవే. 1953లో ఎనిమిది సంస్థలను కలిపి ఇండియన్ ఎయిర్‌లైన్స్ చేశారు. అర్ధరాత్రి నాలుగు దిక్కుల నుంచి డకోటాలు నాగపూర్‌లో కలుసుకుని ఉత్తరాల సంచులు మార్చుకునేవి. 1953 డిసెంబరు 12న అలా అక్కడ లేచిన ఒక డకోటాలో ఇంజను విఫలమై 13 మంది పోయారు, పైలట్ ఒక్కడే బతికాడు. ఆ దుర్ఘటన తర్వాత కూడా ఏళ్ల తరబడి ఉత్తరాలు నాగపూర్ మీదుగానే వచ్చాయి. రోజుకు ఇన్నిసార్లు, ఇన్నేళ్లు ఎగిరిన రకానికి ప్రమాదాల సంఖ్య పెద్దదిగానే కనిపిస్తుంది. 1947 అక్టోబరులో శ్రీనగర్‌కు సైనికులను చేర్చినవి ఇవే. 1944లో కట్టిన ఒక డకోటాను బాగుచేయించి 2018లో వాయుసేనకు అప్పగించారు, దానికి పరశురామ అని పేరు పెట్టారు. వాయుసేన దినోత్సవాల్లో అది ఎగురుతుంది.